గాజు ఎర్రబడిన పూట

బోనాల నాడు స్వరూప ఒక్క గ్లాసు కల్లు తాగింది. నెత్తుటిలో మత్తును పసిగట్టేందుకు పాలిచ్చే తల్లులందరి చేతికీ ఉండే గాజు కాసేపటికి ఎర్రబడి, "పాలివ్వడానికి రెండున్నర గంటలు ఆగమ్మా" అంది. మూడు నెలల పిల్ల ఆకలికి గుక్కపెట్టి ఏడ్చింది.

"పాలు పిండి పారబొయ్యి బిడ్డా, కల్లు పోతది," అంది అత్త రాజవ్వ.

స్వరూప పిండింది. గాజు ఎర్రగానే ఉంది.

"నెత్తుర్ల ఉన్నంతసేపు పాలల్ల ఉంటదట అత్తమ్మా. ఆగుడే."

ఫ్రిజ్ పాలంటే మండిపడే రాజవ్వ, పొద్దున స్వరూప పిండి దాచిన పాలను తనే గోరువెచ్చగా చేసి ఉగ్గుగిన్నెతో పట్టింది.

"నీ మొగడు పసిగున్నప్పుడు, పండుగనాడు నేను కల్లు తాగినంక నా పాలు తాగి దినమంత నిద్రల పండెటోడు. కడుపు నిండిందని మురిసిన," అంది మెల్లగా.

సాయంత్రం గాజు ఆకుపచ్చగా మారింది. స్వరూప చేతులు చాచింది. రాజవ్వ పిల్లను ఇవ్వలేదు.

"ఇంకో అయిదు నిమిషాలు ఆగుదాం బిడ్డా."