యూరియా సంచి

"ఈ సంచి పట్టుకొని ల్యాబులకు ఎవరు రమ్మన్నరు నిన్ను?"

వరలక్ష్మి అరుపుకు అటెండర్ ఎల్లస్వామి బిత్తరపోయాడు. అతని చేతిలో సద్దిగిన్నె ఉన్న సంచి. యూరియా బస్తాతో కుట్టింది.

ఆమెకు ఒళ్లు మండిపోదూ మరి? వెలుగుతో బతికే బాక్టీరియాలో, గాలిలోని నత్రజనిని పట్టే జన్యువులు ఎక్కడెక్కడున్నాయో నాలుగేళ్లుగా వెతుకుతోంది. ఒక్కో జన్యువును చెడగొట్టి, ఆ బాక్టీరియాను పన్నెండు గాజు పళ్లాల్లో వేసి, నత్రజని నింపిన అద్దాల బీరువాలో వారం కిందట పెట్టింది. ఆ నత్రజనిని పట్టలేక అవి పెరగకపోతేనే ఆమె గీసిన జన్యుపటం నిజం. ఆ పటాన్నీ ఎంత భద్రం చేసిందని! ఇళ్ల ప్లాన్లు ప్రింటు తీసే హనుమకొండ దుకాణంలో నకలు తీయించి, వాన చెమ్మ తగలకుండా వెంటనే పళ్లాలతో పాటే ఆ బీరువాలో పెట్టి తాళం వేసింది.

మధ్యాహ్నం ఆమె పీహెచ్‌డీ పరీక్షాధికారి వస్తాడు. అద్దంలోంచి చూస్తే పన్నెండు పళ్లాలూ ఎర్రగా పెరిగి కూర్చున్నాయి.

"నేనేం ముట్టలేదమ్మా. తాళపుచెవి మీ తాననే ఉన్నది గద."

"పళ్లాలు పెట్టే ముందు బీరువ తుడిసిందెవరు?"

"నేనే."

"ఈ యూరియా సంచి పట్టిన చేతులతోనేనా? రవ్వంత అమ్మోనియా తగిలితే చాలు, దాన్నే తిని పెరుగుతయివి. యూరియా కరిగితే వచ్చేదదే! నా నాలుగేండ్లు బుగ్గిపాలు జేసినవ్!"

"మా ఇంటామె యాకమ్మ మూడు దఫాలు ఉతికి కుట్టిందమ్మా. జర నమ్ముండ్రి. పొలం ఎండింది, ఈ పని తప్ప దిక్కు లేదు."

"నాకు చెప్పకు!"

అలికిడికి ప్రొఫెసర్ సారంగపాణి వచ్చాడు. సంచి చూశాడు, పళ్లాలు చూశాడు.

"రేపటి సంది రాకు."

రెండేళ్లలో ఒక్క పళ్లెం పగలగొట్టని మనిషి. తుడిచే గుడ్డ మడిచి బల్ల మీద పెట్టి, రఘునాథపల్లి బస్సుకు వెళ్లిపోయాడు. వరలక్ష్మి తల తిప్పి చూడలేదు. ఆమె కోపం ఇంకా చల్లారలేదు.

"కనీసం ఆ పటమన్న తియ్యి, వరలక్ష్మీ. చూపిద్దాం," అన్నాడు సారంగపాణి.

ఆమె తాళం తీసింది. అమ్మోనియా వాసన గుప్పున కొట్టింది.

"చూసిన్రా సార్! నేను చెప్పలే?"

కసిగా ఒక పళ్లెం మూత తీసి వాసన చూసింది. ఇంకొకటి చూసింది. రెంటిలోనూ ఘాటు లేదు. తర్వాత పటం చుట్ట విప్పింది. కళ్లు మండి నీళ్లు తిరిగాయి. ప్లాన్ల దుకాణంలో కాగితం మీద గీతలు తేల్చేది అమ్మోనియా ఆవిరితోనే.

ఆ ఘాటు పటానిది.