తొమ్మిదో షీటు

"తొమ్మిదో షీటు ఏదీ?" అన్నాడు ఓవర్సీరు అంకమ్మరావు.

"నాకు ఎనిమిదే ఇచ్చారండి," అన్నాడు మేస్త్రీ నన్నే సాహెబ్.

1962 జనవరి. ప్రత్తిపాడులో మిర్చి గోదాము గోడలు చూరు దాకా లేచాయి. కొత్త కాయ రావడానికి మూడు వారాలుంది. అంకమ్మరావు ఆ సోమవారమే బదిలీ మీద వచ్చాడు.

గోదాము ప్లాను కాగితాల్లో మూడో షీటులో గోదామును నిలువుగా కోసి చూపే బొమ్మ ఉంది. చూరు కింద గాలి ఆడే కంత ఉన్నచోట ఒక సున్నా చుట్టి, మధ్యలో అడ్డగీత గీశారు. గీత పైన నాలుగు, కింద తొమ్మిది. అంటే, ఆ కంత ఎలా కట్టాలో తొమ్మిదో షీటులో నాలుగో బొమ్మ చూసుకోవాలి.

"చూడమన్నది చూడకుండా నలభై కంతలు ఎలా పెట్టావు సాయిబూ?"

"ఇదివరకు పెట్టినట్టే పెట్టానండి."

"కొలత?"

నన్నే సాహెబ్ ఎడమచేత్తో జాన పట్టి చూపించాడు. బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా. ఆ చిటికెనవేలు సగమే ఉంది. మిగతా సగం చిన్నప్పుడు జిన్నింగు మిల్లులో పోయింది.

"టేపు లేదా నీకు?"

పరంజా మీది నుంచి కూలీ బుల్లయ్య అందుకున్నాడు. "టేపైతే ఇంటికాడ మర్చిపోవచ్చండీ. చెయ్యి మర్చిపోలేం గదా!"

కూలీలు నవ్వారు. అంకమ్మరావు నవ్వలేదు.

"షీటు తెప్పిస్తాను. పావు అంగుళం తేడా వచ్చినా నలభై కంతలూ పడగొట్టిస్తాను. నీ ఖర్చుతోనే. మా మేస్త్రీల జాబితాలో నీ పేరు కూడా ఉండదు."

పని ఆగింది. ఆ జాబితాలో పేరు ఉండబట్టే నన్నే సాహెబ్‌కు పదిహేనేళ్లుగా పని దొరుకుతోంది.

గురువారం గుంటూరు ఆఫీసు నుంచి డ్రాఫ్ట్స్‌మన్ సంజీవరావు బస్సు దిగాడు. చంకలో కాగితం చుట్ట.

"పాత బొమ్మండి. గీసినాయన రిటైరైపోయారు. అన్ని గోదాములకూ దీని నకలే పంపుతున్నాం. ఈ ఊరిది పంపడం మర్చిపోయాం."

చెక్క మీద కాగితం పరిచారు. గాలికి ఎగురుతోంది. అంకమ్మరావు నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పెట్టాడు.

నాలుగో బొమ్మ. కంత వెడల్పు ఎనిమిదింబావు అంగుళాలు.

"చూశావా సాయిబూ? ఎనిమిది కాదు, తొమ్మిది కాదు. ఎనిమిదింబావు. కాయకు ఎంత గాలి తగలాలో లెక్క కట్టి తేల్చిన అంకె ఇది. జానలకు అందేది కాదు."

పరంజా ఎక్కి టేపు పెట్టాడు. మొదటి కంత ఎనిమిదింబావు. రెండోదీ అంతే. నలభై కొలిచాడు. నలభై కంతలూ ఎనిమిదింబావే.

కిందికి దిగి టేపు చుట్టాడు. తర్వాత అన్నాడు:

"షీటు నీ దగ్గరే ఉంది."

"లేదండి."

"లేకపోతే ఆ పావు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆఫీసు కాగితం దాచుకుని చేతికొలత అంటూ నాటకం ఆడతావా? దీన్ని దొంగతనం అంటారు."

"నాకు చదువే రాదు కదండీ. కాయితం దాచుకుని ఏం చేసుకోను?"

"అంకెలు వచ్చుగా!"

నన్నే సాహెబ్ తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"పదిహేనేళ్లలో నన్ను దొంగని ఎవరూ అనలేదండి," అన్నాడు.

అంకమ్మరావు పెన్ను తీశాడు. "రిపోర్టు రాస్తున్నాను. సంజీవరావు గారూ, సాక్షి సంతకం మీది."

సంజీవరావు బొమ్మ మీద వంగి ఉన్నాడు.

"ఓవర్సీరు గారూ, ఆ అంకె పక్కన చుక్క గుర్తుందండి. ఇంకోచోట చూడమని."

"మళ్లీనా? ఇప్పుడు ఎన్నో షీటు?"

"ఇదే షీటండి. కింద కుడి మూల. మీరు పెట్టిన ఇటుక కింద."

అంకమ్మరావు ఇటుక తీశాడు.

చిన్న అక్షరాలతో అక్కడ రాసి ఉంది: "ఈ కొలత 1957లో పొన్నూరులో మేస్త్రీ షేక్ నన్నే సాహెబ్ కట్టిన గోదాముకు టేపు పెట్టి తీసుకున్నది."