ఎత్తిన జెండా

"పొరపాటు పడ్డానని ఒక్క మాట చెప్పు, ఆల్డెన్. చాలు," అంది ప్రిసిల్లా.

ఆల్డెన్ తన బూట్లకంటిన బురదనే చూస్తూ కూర్చున్నాడు. ఆపిల్ పళ్ళు నిలవచేసే కొట్టంలో, ఒక ఖాళీ పెట్టె మీద. పోటీ ముగిసి చాలాసేపయింది. బయట జనం మాత్రం కదల్లేదు. గెలిచినవాళ్ళ గురించి ఒక్కరూ మాట్లాడడం లేదు. అందరి నోళ్ళలోనూ ఆల్డెనే నలుగుతున్నాడు.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో మా ఊరికి మెయిన్ ఆట డిస్క్ గోల్ఫ్. చేత్తో చక్రం విసిరి, గొలుసులు వేలాడే బుట్టలో వెయ్యాలి. ఊళ్ళో ఆ బుట్టలో పడని మనిషి లేడు. మైదానం ప్రిసిల్లా వాళ్ళ ఆపిల్ తోటలో ఉంది. వసంతంలో బురద ఆరాక గేటు తీస్తారు. కాయ కోతకి రాగానే మూస్తారు. తర్వాతంతా మంచు. గేటు తెరిచి ఉన్న ఆ కొద్ది నెలలే మాకు బతుకు. మిగతాదంతా వాతావరణం.

ఆల్డెన్‌కి మరీను. పగలు స్కూలు బస్సు చక్రం తిప్పుతాడు. సాయంత్రం ఈ చక్రం విసురుతాడు. తోటలో సగం దారులు ఆయన గొడ్డలి పట్టి వేసినవే. ఏటా పెద్ద పోటీ జరిగినప్పుడు, చెరువు మధ్య దీవిలో జెండాలు పట్టుకుని నిలబడేదీ ఆయనే. చక్రం దీవి మీద పడితే ఆకుపచ్చ జెండా. నీళ్ళలో పడితే ఎర్ర జెండా. గట్టు మీది ఆటగాళ్ళకి అక్కడ ఏం జరిగిందో కనిపించదు. జెండా చెప్పిందే వేదం.

ఈసారి ఆఖరి రోజుకి మా ఊరి కోరిన్ అందరికంటే ముందుంది. ఆపిల్ తోటలో ఆ పిల్ల ఆట చూడడానికి ఊరు ఊరంతా కదిలొచ్చింది. గెలిస్తే, వచ్చే ఏడాది దేశమంతా తిరిగే పోటీల్లో చోటు ఖాయం.

ఆమె విసిరిన చక్రం దీవి మీదికి వచ్చేసరికి, ఆల్డెన్ జెండాలు రెండూ గడ్డిలో పెట్టి శాండ్‌విచ్ తింటున్నాడు. ఉలిక్కిపడి లేచాడు. గబుక్కున ఒక జెండా అందుకుని ఎత్తాడు.

ఎర్రది.

గట్టు మీద జనం ఉసూరుమన్నారు. ఆ గోల విన్నాక కూడా ఆల్డెన్ జెండా దించలేదు. కోరిన్ పళ్ళు బిగించి, అదనంగా ఒక విసురు లెక్కలో వేసుకుని, గట్టు మీది నుంచే మళ్ళీ విసిరింది. తీరా పడవలో దీవికి చేరి చూస్తే, మొదటి చక్రం బుట్ట పక్కన బుద్ధిగా పడుకుని ఉంది. రెండోది విసిరేశాక ఇక మొదటిది చెల్లదు. సరిగ్గా ఆ ఒక్క విసురు తేడాతోనే నెబ్రాస్కా రాష్ట్రం నుంచి వచ్చిన అమ్మాయి గెలిచింది. బుట్టకి ఇన్ని విసుర్లని పెట్టిన లెక్కే పార్; ఆ పార్‌తో పాటు ఊరి పరువూ పోయింది.

కొట్టం తలుపు తోసుకుని వాల్డో వచ్చాడు. ఇనపసామాన్ల కొట్టు ఆయనది. స్కూలు బోర్డులో సభ్యుడు కూడా; బస్సు డ్రైవర్లని పెట్టేదీ తీసేదీ ఆ బోర్డే. తను లేకుండా ఊళ్ళో ఏ ముచ్చటా తెగకూడదు ఆయనకి.

"భలే చక్రం తిప్పావయ్యా ఆల్డెన్. ఆ నెబ్రాస్కా పిల్ల ఏం తినిపించిందేమిటి?"

"శాండ్‌విచ్. అదీ వాళ్ళావిడ వర్నా చేసింది," అంది ప్రిసిల్లా. "నువ్వు కాసేపు నోరు మూసుకుంటే పుణ్యముంటుంది."

తర్వాత ఆల్డెన్ వైపు వంగి, గొంతు తగ్గించింది. "ఎండ కళ్ళలో పడింది, సరిగ్గా కనపళ్ళేదు. ఈ మాట అను. మిగతాది జనానికి నేను చెప్పుకుంటాను. మా మనవలు రోజూ ఎక్కేది నీ బస్సే కదా. నువ్వెలాంటివాడివో నాకు తెలీదా?"

"కనపళ్ళేదా? బస్సు నడిపేవాడికి?" అన్నాడు వాల్డో, ఒక అడుగు ముందుకేసి.

ఆల్డెన్ మొదటిసారి తలెత్తాడు.

"నా కళ్ళకేం? శుభ్రంగా ఉన్నాయి. చక్రం ఎక్కడ పడిందో చూశాను. కావాలనే ఎత్తాను."

వాల్డో వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

గుమ్మంలో కోరిన్ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. "ఆల్డెన్ గారూ, చిన్నప్పుడు నేను మంచులో పడుతూ లేస్తూ వచ్చేదాకా బస్సు ఆపేవారు కదా మీరు. మీకు నేనేం చేశాను?"

"నువ్వేం చెయ్యలేదు తల్లీ." ఆ తర్వాత ఇంకేదో అనబోయి, మళ్ళీ బూట్ల వైపు చూసుకున్నాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

ప్రిసిల్లా వంగిన నడుం ఎత్తింది. "అయితే ఈ గేటు నీకు ఇక తెరుచుకోదు ఆల్డెన్. ఈ ఏడే కాదు, ఏ ఏడూ," అంది.

"సరే," అన్నాడాయన.

జనం రెండుగా చీలి దారిచ్చారు. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త నయంగా ఉండేది. తను కొట్టిన దారిలోనే, తను నాటిన కంచె పక్క నుంచే తల దించుకుని నడిచాడు. మనిషి ఎత్తింది ఒక్క జెండా. దాంతో తోటలోంచే జెండా ఎత్తేయాల్సి వచ్చింది.

కారు వర్నా నడిపింది. చెరువు దాటింది. కోతకి ఇంకా రాని చెట్లనీ దాటింది. గేటు వెనకబడింది. ఆల్డెన్ కిటికీ వైపు తిరిగి మొహం తుడుచుకున్నాడు.

వర్నా రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండానే మెల్లగా అంది: "రంగులు నీకు తెలియవనే కదా ఎర్రదాని మూలకి ముడి వేసిచ్చాను, ఎత్తేముందు ఒక్కసారి తడిమి చూసుకోవద్దూ?"