ఎరిగిన డాక్టరు

"మల్ల బెంగళూరికా డాక్టర్ సాబ్? పోయినేడు మిమ్మల్ని పట్టుకపోయిన కాడికేనా?" మూత పడని ట్రంకు పెట్టె మీద కూర్చుని నవ్వింది హనుమవ్వ. బంగారు గనులున్న హట్టిలో అనంతయ్య దవాఖానా ఊడ్చేది ఆమే.

"ఆడికే. అప్పుడు తాగుడు మాననీకి పోయిన. ఇప్పుడు మనసు రోగాల చదువు చదవనీకి పోతున్న," అన్నాడు అనంతయ్య తాళం వెతుక్కుంటూ.

"అంటే పిచ్చోళ్ల డాక్టర్ అయితరు. సగం చదువు మీరు తాగినప్పుడే అయిపాయె గదా!"

ఆయనకూ నవ్వొచ్చింది. "చదువైనంక ఆడనే ఉండిపోత హనుమవ్వా. తాగి మోరీల పడ్డ డాక్టర్‌ను ఈడ ఎవరు నమ్ముతరు? ఆడైతే నన్నెవ్వరు ఎరుగరు."

హనుమవ్వ నవ్వు ఆగింది.

"మా ఆయన గనిల డ్యూటీ దిగంగనే తాగుతడు. ఎవరు చెప్పినా 'తాగనోళ్లకేం తెలుసు' అంటడు. మీరు మానిన కాడికెల్లి మాత్రం నన్ను అడుగుతుండు, 'డాక్టర్ సాబ్ ఎట్ల మానిండే?' అని."

అనంతయ్య తాళం వెతకడం ఆపాడు.

"చదువై మల్ల ఈడికి వచ్చేసరికి రెండేండ్లు పడతది," అన్నాడు.

"అప్పటిదాంక ఆయన్ని ఎట్లనో కాచుకుంట. మీరు మాత్రం ఫెయిల్ గాకుండ్రి సాబ్."