జెముడు మీద వెన్నెల

పొద్దుగూకింది. జెముడు పొద ముందు ఎవరో గొంతుక్కూర్చుని ఉన్నాడు.

గఫూర్‌కు ఒళ్లు మండింది.

లింగాల ఊరి పక్కనున్న ఆ రెండెకరాల బీడు రేపు అతని పేరుకు రానుంది. సర్కారు బంజరు పంచుతోందని ఊరంతా అనుకుంటున్నారు. ఇన్నేళ్లూ పరాయి చేలల్లో వంగిన నడుము రేపు సొంత చేలో వంగుతుంది.

ఇప్పుడీ మనిషెవడు? తెల్లపంచె, చేతికర్ర. ఇందాకట్నుంచి పొదపొదకూ ఆగి ఆగి చూస్తున్నాడు. భూమి మీద కన్నేసినవాడు కాకపోతే ఇంత తీరిక ఎవరికుంటుంది!

"ఎవురప్పా నువ్వు? ఈడేం జేస్తాండావు?"

"చూస్తాండా."

"ఏంది చూసేది, ముళ్లా?"

"ముళ్లే. చందమామ పైకొచ్చినాడు గదా. ఒక్కో ముల్లు కొసన ఎంత ఎలుగుందో చూడు."

గఫూర్ ముళ్లు చూడలేదు. ఆ మనిషినే ఎగాదిగా చూశాడు.

భార్య హజరాబీ కొడవలితో వచ్చింది.

"వానితో మాటలేంది? హద్దులు చూసుకుంటాండాడు. ఏ ఆసామి పంపినాడో!"

"అమ్మా, ఈ పొద కింద నక్క పిల్లల్ని పెట్టింది. అవి నడిచేదాకా పొద కొట్టొద్దు."

"విన్యావా? మనల్ని ఆపి, ఆలోపల తాను కంచె ఏసుకుంటాడంట!"

గఫూర్ మెడబట్టి నెట్టాడు. ఆయన బాట మీద పడ్డాడు. లేచి, పంచె దులుపుకున్నాడు.

"పోతాలే నాయనా."

బీడు మీద ముందు ఎవరి గొడ్డలి పడితే వాళ్లదే పెత్తనమని ఆ చుట్టుపక్కల నమ్మకం. తెల్లవారుతూనే ఇద్దరూ జెముడంతా కొట్టి, కుప్పపోసి నిప్పు పెట్టారు. తల్లినక్క ఒక పిల్లను కరుచుకుని పొగలోంచి పరుగెత్తింది. మళ్లీ వెనక్కి రాలేదు.

హజరాబీ కొడవలితో కుప్ప అంచున ఒక కొమ్మను పక్కకు లాగి చూసింది.

ఆ పొద్దునే కరణం ఆదినారాయణ ముందు గఫూర్ గొప్పగా చెప్పాడు.

"నిన్న ఒగడు మా బీట్లో తిరుగుతాంటే మెడబట్టి గెంటినా సామీ."

"తెల్లపంచె, చేతికర్ర?"

"ఔ."

కరణం మొహం మాడిపోయింది.

"ఆయప్పది జమ్మలమడుగు. ఆ ముళ్ల మీద, నక్కల మీద పద్యాలు జెప్పేటోడు. తొలి బస్సుకే ఎళ్లిపోయినాడు."

"జెప్పుకోనీ. మా సర్కారు బీడుతో ఆయప్పకేం పని?"

"సర్కారుది కాదురా, ఆయన తాతలది. భూదానంలో మీకిచ్చేసి, మీ చేతికి పోయేలోపల ఒక్కతూరి ఎన్నెల్లో చూసుకుంటానని నన్నడిగి వచ్చినాడు."