గంగులు కుడిచెయ్యి

“ఎత్తు. ఇంకా పైకి. ఇప్పుడు వెనక్కి,” అంటూ సర్జన్ నారాయణమూర్తి గంగులు కుడిచేతిని తల ఎత్తుకు లేపి మెల్లగా తిప్పాడు. గంగులు ముఖం పాలిపోయింది. పక్కనే నిలబడ్డ అతని భార్య కూర్మమ్మ గబుక్కున రెండడుగులు వెనక్కి వేసి గోడకు ఆనుకుంది.

“భయపడకమ్మా, జారనివ్వను,” అన్నాడు డాక్టరు. మొగుడి నొప్పికి ఇంతలా అదిరిపోయే మనిషిని చూసి ఆయనకు ముచ్చటేసింది.

ఇద్దరూ భావనపాడు నుంచి బస్సులు మారి విజయనగరం వచ్చారు. కొన్నేళ్ల కిందట వల విసురుతుంటే గంగులు భుజం గూటిలోంచి జారింది. అప్పట్నుంచి పడవ ఎక్కలేదు. అయినా జారుతూనే ఉంది. జారినప్పుడల్లా కూర్మమ్మే అతన్ని గుడిసెలో నేలమీద పడుకోబెట్టి, చంకలో మడమ ఆనించి, చెయ్యి పట్టి లాగి ఎక్కిస్తోంది. కిందటేడు శ్రీకూర్మం వెళ్లి దేవుడి ముందు ఒట్టేసి వచ్చాడట. నెల తిరక్కుండానే మళ్లీ జారిందట. సారా మానేస్తానని ఒట్టేసి ఉంటాడు, వీళ్లకిది మామూలే అనుకున్నాడు డాక్టరు. ఇదంతా చెప్పింది కూర్మమ్మే. గంగులు తన కాలివేళ్లు చూసుకుంటూ కూర్చున్నాడు.

డాక్టరు ఎక్స్‌రేను కిటికీ వెలుతురులో పెట్టి చూపించాడు. జారి జారి భుజం గిన్నె ముందు అంచు అరిగిపోయింది. రెండు దార్లున్నాయన్నాడు. ఒకటి, ముందువైపు కండరాన్ని మడిచి బిగించి కుట్టెయ్యడం. సులువే. కానీ చెయ్యి పైకెత్తి వెనక్కి వెయ్యడం ఇక కుదరదు. పైగా ఎముక అరిగినచోట ఆ కుట్టు ఎన్నాళ్లు ఆగుతుందో చెప్పలేం. రెండోది, పక్కనున్న చిన్న ఎముక కొమ్మును కోసి తెచ్చి అరిగిన అంచుకు స్క్రూతో బిగించడం. అది పెద్ద పని. నరాలు దగ్గర్లోనే ఉంటాయి, చీము పట్టే భయమూ ఉంది. కుదిరితే మాత్రం మళ్లీ వల విసరొచ్చు.

“నీకు రెండోదే మంచిది,” అన్నాడు.

“మొదటిది సెయ్యండి బాబూ.”

డాక్టరు ఓపిగ్గా మళ్లీ మొదట్నుంచీ చెప్పాడు. గంగులు విన్నాడు. విని, “ఆ కుట్టేస్తే సెయ్యి పైకి లేవదు గదా? నిజమేనా?” అని అడిగాడు.

“ఈడి మాట ఇనకండి బాబూ,” అంది కూర్మమ్మ. “సెయ్యి బాగైతే పడవలోకి రమ్మని ఎల్లాజీ బావ కబురెట్టినాడు. లేవని సెయ్యితో ఎవులు రానిస్తారు? ఎముకదే సెయ్యండి.”

డాక్టరుకు ఒళ్లు మండింది. ఎంతమంది పనిదొంగల్ని చూశాడు! పెళ్లాం చేపల గంప మోసి తెస్తుంటే, చెయ్యి పడిపోయిందన్న వంకతో జన్మంతా కూర్చుని తినాలని చూస్తున్నాడు వీడు.

“సిగ్గులేదూ నీకు?” అన్నాడు.

“సిగ్గుండబట్టే వొచ్చినాను బాబూ.”

ఆ గొంతు విని డాక్టరు మళ్లీ ఎక్స్‌రే అందుకున్నాడు. తనకు అప్పుడే తట్టిన సంగతి అడిగాడు. పడవ ఎక్కడం లేదు, వల పట్టడం లేదు. మరి ఇంట్లో ఉన్నవాడికి చెయ్యి అంత పైకి ఎత్తే పనేమిటి?

“వలలు ఆరేత్తాడు బాబూ, దండెం మీద,” అంది కూర్మమ్మ గబగబా.

గంగులు అప్పుడు తలెత్తాడు. డాక్టరు వైపు కాదు, గోడకు ఆనుకుని ఉన్న భార్య వైపు చూశాడు. వలలు ఆరేసేది కూడా ఇదేనన్నాడు. కారుతున్న కన్నీళ్లు తుడుచుకోలేదు.

“నాను ఎత్తేది దీన్ని కొట్టడానికే బాబూ.”