పిల్లనూ వదలను, ఇల్లూ వదలను

కోర్టు మెట్ల మీద చెప్పు తెగింది.

“శకునం అదిరింది,” అనుకుంటూ కండక్టరమ్మ కుంటుకుంటూ వరండాలోకి వచ్చింది.

సిటీ బస్సెక్కే వాళ్లందరికీ ఆమె కండక్టరమ్మే. “లోపలికి జరగండి” అని ఒక్క కేక వేస్తే కిక్కిరిసిన బస్సులో కూడా చోటు పుట్టేది.

ఈ రోజు ఆ గొంతు పెగలడం లేదు.

విడాకులడిగిన భర్త నెల కిందట ఆరేళ్ల కూతుర్ని బడి నుంచి అటే తీసుకుపోయాడు. పాప ఎవరి దగ్గర ఉండాలో జడ్జిగారు ఇవాళ తేలుస్తారు.

బెంచీ మీద కూర్చున్న ఒకావిడ పిన్నీసు తీసింది. నడివయసు మనిషి. చెవుల దగ్గర జుట్టు నెరిసింది.

“ఇటివ్వమ్మా, నేను బిగిస్తాను.”

“అయ్యో, చెప్పు మీరు ముట్టుకోవడమేంటక్కా!”

“చెయ్యి కడుక్కుంటే పోతుందిలే. కూర్చో.”

ఆ మాత్రం ఆదరణకే కండక్టరమ్మ కట్ట తెగిన చెరువైంది.

“నాకు తెల్లారకముందే డ్యూటీ అక్కా. పాపను మా అమ్మ చూసుకుంటుంది. అది చాలదట. వాళ్లింట్లో అయితే చూసుకోవడానికి ఆడమనిషి ఉందట!”

“ఎవరూ?”

“ఉందిలెండి ఒకతి. ఆయన దానితో ఉంటున్నాడు. నేను మొహం కూడా చూళ్లేదు. ఏ పాతికేళ్లదో అయ్యుంటుంది. నా ఇల్లు పీకి పందిరేసుకుంది. దాని నోట్లో మన్ను పడ!”

పిన్నీసు వేలికి గుచ్చుకుందేమో, ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది.

“తిట్టు. ఇంకా ఉంటే అవీ తిట్టు. లోపల దాచుకోకు.”

కండక్టరమ్మ ఏమీ మిగల్చకుండా తిట్టింది. ఆవిడ తలవంచుకుని వింది.

“పాప నన్ను మరిచిపోయిందేమో అక్కా.”

“మరిచిపోలేదు,” అంది ఆవిడ చటుక్కున. తర్వాత మెల్లగా, “ఏ పిల్లా మరిచిపోదు” అంది.

అంతలో లాయరమ్మ హడావిడిగా వచ్చింది.

“అవతలి వాళ్లు రాజీకి వచ్చారు. ఇంట్లో నీ వాటా వదులుకుంటున్నట్టు సంతకం పెడితే పాపను ఈ సాయంత్రమే పంపేస్తారట. ఏమంటావు?”

కండక్టరమ్మ చెయ్యి పెన్ను కోసం ముందుకు వెళ్లింది.

“పెట్టకు!”

“మీరెవరండీ మధ్యలో?” అంది లాయరమ్మ.

“ఎవర్నైతేనేం. పిల్లను బేరానికి పెట్టినవాడు ఒక్క బేరంతో ఆగడు. ఇవాళ ఇల్లంటాడు, రేపు జీతమంటాడు.” ఆవిడ కండక్టరమ్మ వైపు తిరిగింది. “రెండూ అడుగు. అడగందే అమ్మైనా పెట్టదు. జడ్జి పెడతాడా?”

కండక్టరమ్మ లేచి నిలబడింది. గొంతు దానంతటదే వచ్చేసింది.

“పిల్లనూ వదలను, ఇల్లూ వదలను! ఓవర్‌టైమ్ చేసి కట్టుకున్న ఇల్లది. పోయి చెప్పండి!”

వరండాలో ఉన్నవాళ్లంతా తెలియకుండానే ఒక అడుగు లోపలికి జరిగారు.

ఆవిడ మొదటిసారి నవ్వింది. చెప్పు ముందు పెట్టి లేచింది.

“వస్తానమ్మా. నన్నూ పిలుస్తారు.”

“మీదేం కేసక్కా?”

“నాదీ ఒక ఇంటి గొడవేలే.”

లోపల జడ్జిగారు భార్యాభర్తలిద్దరి మాటా విన్నారు. ఇల్లు రాయించుకుని పిల్లను ఇస్తానన్న బేరం గురించి కూడా కండక్టరమ్మ దాచకుండా చెప్పింది. 

జడ్జిగారు కళ్లజోడు తీశారు.

“పాపను చూసుకుంటుందంటున్న ఆవిడ పక్క గదిలో ఉందట కదా, ఆమెతో నేను విడిగా మాట్లాడాలి. లాయర్లు ఉండండి. మీరిద్దరూ బయటికి వెళ్లండి.”

భర్త మీసం సవరించుకుంటూ బయటికి నడిచాడు. గెలుపు తనదేనన్న ధీమా.

చాలాసేపటికి లాయరమ్మ పరుగున వచ్చింది.

“పాప నీ దగ్గరే! వాటా తేలేదాకా ఇల్లు అమ్మకూడదన్నారు కూడా!”

భర్త మొహం మాడిపోయింది. విసవిసా మెట్లు దిగి పోయాడు.

“ఎలా జరిగింది మేడమ్?”

“ఆయన తెచ్చుకున్న సాక్షే ఎదురు తిరిగింది. పాప రోజంతా అమ్మా అని గుమ్మంలోనే కూర్చుంటోందట. నీకు ఫోన్ చేయించబోతే ఆయన చెయ్యెత్తాడట. ‘తల్లి బతికుండగా ఆ పిల్లకు నేను తల్లి వేషం కట్టను. ఆ ఇంటికి నేనూ తిరిగి పోను’ అని జడ్జిగారి మొహం మీదే చెప్పి, వెనక తలుపు గుండా వెళ్లిపోయింది.”

“అదా? అది చెప్పిందా!” కండక్టరమ్మ నోరు తెరిచింది.

ఆశ్చర్యం తీరకముందే ఆనందం ముంచుకొచ్చింది. ఈ మాట ముందు అక్కకు చెప్పాలి.

బెంచీ ఖాళీగా ఉంది. వరండా ఈ చివర నుంచి ఆ చివరికి వెతికింది. గేటు దాకా పరిగెత్తింది. వీధిలో ఆవిడ జాడ లేదు.

“మేడమ్, ఇందాక నా పక్కన కూర్చున్న అక్క ఎటెళ్లింది? పేరైనా అడగలేదు. ఆమె చలవతోనే కదా నేను నోరు తెరిచాను!”

లాయరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

“మీ ఆయనతో ఉంటున్న మనిషి ఆవిడేనమ్మా.”